బొట్టు పెట్టని తొట్టి

మా ఫ్యాక్టరీలో మిక్సీలు తయారయ్యేవి. తిరుపతి నుంచి రేణిగుంట పోయే దారిలో రేకుల షెడ్డు, పనిచేసేవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళం. తొంభైల చివర సంగతి ఇది. మిక్సీ అంటే ఎవరికైనా చట్నీ గుర్తొస్తుంది. నాకు ఇప్పటికీ ఆ తొట్టే గుర్తొస్తుంది.

రేకులు అచ్చు కొట్టే ప్రెస్సు దగ్గర నుంచి వచ్చే ఇనుప ముక్కలకు నూనె జిడ్డు ఉంటుంది. అది పోకపోతే పెయింటు నిలవదు. జాలీ బుట్టలో ముక్కలు వేసి, వేడి మందున్న తొట్టిలోకి దించి తీస్తే చాలు, పొడిగా తళతళలాడుతూ బయటికొచ్చేవి. ఆ మందు డ్రమ్ము మీద పొడుగాటి పేరుండేది. మా నోట్లో అది ‘ట్రైక్లో’ అయింది. తియ్యటి వాసన. పట్టుచీర మీద మరకలు పోతాయని సీసాల్లో ఇంటికి పట్టుకుపోయినవాళ్ళూ ఉన్నారు. కాసేపు తొట్టి మీద వంగితే తల తిరిగేది, మధ్యాహ్నానికి కడుపులో దేవేది. “అలవాటైపోతాదిలే” అనేవాళ్ళు. ఏం అలవాటు, నా మొహం. విషానికి అలవాటు పడటం కూడా ఒక పనితనమేనా?

ఆ తొట్టి దగ్గర పని మా ఆడబిడ్డది. నా మొగుడి చెల్లెలు. ఇద్దరం ఒకే బస్సులో పోయి ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. మెత్తటి మనిషి, ఎవరేమన్నా తల దించుకునేది. మొదటిసారి కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పినప్పుడు ఆస్పత్రికి నేనే తీసుకుపోయాను. డాక్టరమ్మ ఏం పని చేస్తావని అడిగి, అంతా విని, ఆ మందు దగ్గరికి పోవద్దని గట్టిగా చెప్పింది. మొదటిది దానివల్లే పోయిందా అని నేనడిగితే, చెప్పలేమంది. చెప్పలేమంటే కాదని కాదు కదా.

మరుసటి రోజే ఓనరు దగ్గరికి పోయి, ఆమెను ప్యాకింగులో వేయమన్నాను.

“ఎవురో ఒకరు తొట్టి కాడ నిలబడాల కదమ్మా. కష్టంగా ఉంటే మానుకోమను” అన్నాడు.

మానుకుంటే వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగదని ఆయనకూ తెలుసు. పైగా ఇంకొకరిని నిలబెడితే వాళ్ళవి మాత్రం ఊపిరితిత్తులు కావా?

అసలు కడుపుమంట ఎక్కడంటే, దానికి బదులు మిషను మా షెడ్డులోనే ఉంది. మా మిక్సీలను తమ పేరుతో అమ్ముకునే మద్రాసు కంపెనీవాళ్ళు ట్రైక్లో ఆపేయమన్నారు. సరేనని ఓనరు వేడినీళ్ళతో, సబ్బు మందుతో కడిగే మిషను కొన్నాడు. వాళ్ళు చూడటానికి వచ్చిన రోజు అది తిరిగింది. వాళ్ళు మెచ్చుకుని కారెక్కగానే దాని మీద నీలం టార్పాలిన్ పట్ట పడింది. “కరెంటు తింటాది, నీళ్ళు తగిలితే ముక్కలు తుప్పు పడతాయి” అన్నాడు. ఆ పట్ట చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

అంతలో ఆయుధపూజ వచ్చింది. మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది, ఓనరు పెట్టిందే. ఏ మిషను మీద ఎవరు పనిచేస్తారో వాళ్ళే దాన్ని కడిగి పసుపు రాసి బొట్టు పెట్టాలి. బొట్టు లేని మిషను స్విచ్చి ఎవరూ వేయకూడదు. అంతకుముందు ఏడాది కంప్రెసరుకు పెట్టడం మరిచిపోతే, కుంకం తెప్పించి పెట్టించేదాకా పనంతా ఆపేసిన మనిషి ఆయన.

పూజ ముందురోజు బస్సులో మా ఆడబిడ్డకు చెప్పాను. “రేపు తొట్టికి బొట్టు పెట్టొద్దు మే.”

“తిడతాడు వదినా.”

“తిట్టనీ. నేనుండాను కదా.”

పొద్దున్నే నీలం పట్ట లాగిపారేశాను. కొత్త మిషను దుమ్ము తుడిచి, పసుపు రాసి, చామంతి దండ వేశాను. బొట్టు మా ఆడబిడ్డ చేత పెట్టించాను. తొట్టి మాత్రం మూత వేసి బోడిగా ఉంది. ఓనరు హారతి పళ్ళెం పట్టుకుని ఒక్కో మిషను దాటుకుంటూ వచ్చి అక్కడ ఆగాడు.

“దీనికి బొట్టు యాడ? మర్చిపోయినారా?”

“మర్చిపోలేదు సార్. అన్నం పెట్టేదానికి బొట్టు పెడతాము. కడుపు తీసేదానికి ఏమిటికి పెడతాము?”

“పండగ పూట ఏం మాటలమ్మా ఇవి. ఎవురో ఒకరు పెట్టండి.”

ఒక్కరూ కదల్లేదు. పెయింటు సెక్షన్ ఆడవాళ్ళు పైరేకుల వంక చూస్తూ నిలబడ్డారు. మా ఆడబిడ్డ నా కొంగు పట్టుకుని ఉంది. నాకూ భయంగానే ఉంది. పని పోతే ఇద్దరిదీ పోతుంది.

“మీరు పెట్టకపోతే నేనే పెడతా సూడండి” అని ఓనరు కుంకంలో వేలు ముంచాడు.

“పెట్టండి సార్. ఈడ ఎవురు బొట్టు పెడితే వాళ్ళదే కదా మిషను. మీరు పెట్టిన ఆచారమే. రేప్పొద్దున బుట్ట మీ చేతికిస్తాము” అన్నాను.

వేలు గాల్లోనే ఆగిపోయింది. మందుకు భయపడని మనిషి, మద్రాసువాళ్ళను మోసం చేయడానికి భయపడని మనిషి, బొట్టుకు భయపడ్డాడు. వేలు కర్చీపుకు తుడుచుకుని, గుమ్మడికాయ కొట్టడానికి గేటు దగ్గరికి పోయాడు. ఎవరో బొరుగులు పంచడం మొదలుపెట్టారు.

బొట్టు లేని తొట్టిని నడపడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. కొత్త మిషనే తిప్పమన్నాడు. “తుప్పు పడిందో, మళ్ళీ తొట్టే” అని బెదిరించాడు కూడా. నిజంగానే మొదట్లో కొన్ని బుట్టలు తుప్పు పట్టాయి. వాటిని మళ్ళీ రుద్దాం. ఆ తర్వాత నీళ్ళలోంచి తీయగానే వేడిగాలి పెట్టి, తేమ లేకుండా ఆరబెట్టడం పట్టుబడింది. సబ్బు మందుకు చేతులు పగిలేవి, గ్లౌజుల కోసం మళ్ళీ కొట్లాడాను. మిగిలిన ట్రైక్లో డ్రమ్ములు ఒక లారీలో పోయాయి. యాడికి పంపినారని అడిగితే, “అన్నీ నీకెందుకమ్మా” అన్నాడు. “ఇంకెవురి కడుపు మీదికి పోతాదో అని” అన్నాను. ఆ కోపం నాకింకా తీరలేదు.

మరుసటి ఆయుధపూజకు మా ఆడబిడ్డ బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఆడపిల్ల. తొట్టి ఉన్న చోట నేల మీద బోల్టులు పీకిన గుంతలు మాత్రం మిగిలాయి. ఓనరు పళ్ళెంతో వస్తుంటే, ఎప్పుడూ తల దించుకునే ఆ మనిషి నేరుగా పోయి ఆ గుంతల మీదే నిలబడింది.

“పోయినేడు తొట్టికి పెట్టబోయిన బొట్టు దీనికి పెట్టండి సార్” అంది.

ఆయన పెట్టాడు. ఈసారి వేలు గాల్లో ఆగలేదు.