వస కొమ్ము అట్ట

వస కొమ్ము రుచి నాకు తెలుసు. పసితనంలో నాలుక మీద రాసిన రుచి ఎవరికీ గుర్తుండదు. నేను చెప్తున్నది పెద్దయ్యాక నాకిన రుచి. డిగ్రీ చివరి సంవత్సరంలో ఒకసారి క్లాసు ముందు నిలబడి మాట్లాడాల్సి వచ్చింది. ఆ రోజు పొద్దున, ఇంట్లో ఎవరూ చూడకుండా, అవ్వ మందుల డబ్బాలోంచి వస కొమ్ము తీసి, గంధపు సాన మీద రెండు చుక్కల నీళ్ళు వేసి అరగదీసి, వేలితో నాలుక మీద రాసుకున్నాను. మొదట ఘాటు, తర్వాత చేదు, ఆ తర్వాత నాలుక కొన కొంచెం మొద్దుబారినట్టు అనిపించింది. క్లాసులో నా గొంతు ఆ రోజు కూడా రెండో బెంచీ దాటలేదు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు.

మా వైపు పసిపిల్లలకు మాటలు త్వరగా రావాలని వస పోసేవాళ్ళు. ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు. నాకు అందరికంటే ఎక్కువే పోశారట. "పోసిందంతా యాడికి పొయ్యిందో, ఈ పిల్ల నోట్లో మాత్రం లేదు" అని అవ్వ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అవ్వ అంటే నాయనకు అమ్మ. నగరిలో మా ఇంటి ముందు గదిలో ఆమె మంచం ఉండేది. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాయన మరమగ్గాలు ఆడతాయి. ఆ చప్పుడులో బతికేవాళ్ళు సహజంగానే గట్టిగా మాట్లాడతారు. మా ఇంట్లో అందరూ అంతే, నేను తప్ప.

అవ్వది పెద్ద వైద్యమేమీ కాదు. దగ్గుకు మిరియాల కషాయం, అజీర్తికి వేయించిన వాము, జలుబుకు శొంఠి కాఫీ, చుండ్రుకు నానబెట్టి రుబ్బిన మెంతులు. అందరి వంటింట్లోనూ ఉండేవే, అందరికీ తెలిసినవే. అయినా వీధిలో ఆడవాళ్ళు వచ్చి మంచం పక్కన కూర్చుని, ఆమె నోటితో చెప్పించుకుని పోయేవాళ్ళు. మందుతో పాటు తిట్లు కూడా ఉండేవి. ఎదురింటామె ఒకసారి కడుపుబ్బరం అని వస్తే, "నిన్న బజ్జీల బండి కాడ నిలబడిండేది ఎవురు మే? నేను సూడలేదనుకుంటివా?" అంది అవ్వ. ఆమె నవ్వుతూ, "రెండే అత్తా" అంది. "రెండు పొట్లాలా?" అని అడిగింది అవ్వ. నేను లోపలి గదిలో పుస్తకం ముందు పెట్టుకుని ఇవన్నీ వినేదాన్ని.

ఆ గదిలో నేను చేసే పని ఇంకొకటి ఉండేది. పాత జకార్డు అట్టలతో గ్రీటింగ్ కార్డులు చేసేదాన్ని. మగ్గం పైన ఉండే జకార్డు పెట్టెకు చీర అంచులో ఏ పువ్వు పడాలో చెప్పేవి ఆ అట్టలు. పొడుగాటి అట్టముక్కల నిండా బెజ్జాలు ఉంటాయి. వాటిని వరసగా దారంతో ఒకదానికొకటి కుట్టి దండలాగా వేలాడదీస్తారు. కంప్యూటరుతో నడిచేవి వచ్చాక పాత దండలన్నీ మా అటకెక్కాయి. నేను వాటిని కత్తిరించి, బెజ్జాల్లోంచి తెగిన జరీ పోగులు దూర్చి, పసుపు నీళ్ళతో రంగు అద్ది, పిన్ని కూతుళ్ళ పుట్టినరోజులకు ఇచ్చేదాన్ని. ఎదురుగా నిలబడి చెప్పలేని మాట అట్ట మీద రాయడం నాకు సులువు. జిగురు చెయ్యడం అవ్వే నేర్పింది. మైదాపిండిని మామూలు నీళ్ళలో కాకుండా వేపాకు కాచిన నీళ్ళలో ఉడికిస్తే పురుగు పట్టదు.

పోయిన ఏడాది వేసవిలో అవ్వకు కుడిపక్క పడిపోయింది. మాట కూడా పోయింది. తిరుపతి ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉన్నాం. అక్కడ మాటలు నేర్పించే ఒక అమ్మాయి వచ్చి బొమ్మల కార్డులు చూపించేది. ఏనుగు, విమానం, గొడుగు, యాపిల్ పండు. అవ్వ ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగింది. "ఆమెకి అన్నీ అర్థమవుతున్నాయమ్మా, మాట బయటికి రావడం లేదంతే. ఇంట్లో ఆమెకి కావలసినవాటి బొమ్మలు మీరే చేసి చూపించండి" అని ఆ అమ్మాయి చెప్పింది. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు అమ్మ, "ఏనుగుతో మీ అవ్వకేం పని" అంది.

ఇంటికొచ్చాక అటక మీది అట్టలు దించాను. బొమ్మలు వెయ్యడం నాకు అంత బాగా రాదు. అందుకని అసలు వస్తువులనే అంటించాను. ఒక అట్ట మీద వాము, ఒక దాని మీద మిరియాలు, ఒక దాని మీద జీలకర్ర, శొంఠి ముక్క, మెంతులు, ఎండిన వేపాకు. ఆముదానికి ఆముదపు గింజ. డబ్బాలో ఉంది కాబట్టి వస కొమ్ముకూ ఒక అట్ట చేశాను. ఆ కొమ్ము ఒక కొస అరిగి ఉంది. పసిపిల్లల కోసం అరగదీసిందెంతో, నేను అరగదీసిందెంతో చూసి చెప్పలేం. మంచినీళ్ళు, దిండు, టీవీ లాంటి వాటికి మాత్రం ఎలాగో బొమ్మలే వేశాను.

అన్నీ ఆరాక ఒక పని చేశాను. దారం తీసుకుని అట్టలన్నిటినీ వరసగా కుట్టేశాను. ఎందుకు కుడుతున్నానని నాకు తోచలేదు. మా ఇంట్లో కుట్టని అట్ట అంటే పారేసే అట్ట. నాయన చూసి కుట్టు గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు. అమ్మ దాన్ని మంచం కోడుకు కట్టింది. అవ్వకు మిరియాలు చూపించాలంటే దండ మొత్తం తిప్పాలి. మిరియాల దగ్గరికి వచ్చేసరికి దిండు దాటిపోతుంది, దిండు కావాలంటే మళ్ళీ మొదటి నుంచి. రెండు రోజులు అలాగే తిప్పాం. మూడో రోజు అవ్వ దండను ఎడమ చేత్తో నోటి దగ్గరికి లాక్కుని దారం కొరికింది. వయసులో ఉన్నప్పుడు ఎన్నో మగ్గాలకు అట్టలు కుట్టిన మనిషి. ఏ ముడి దగ్గర కొరికితే కుట్టంతా ఊడి వస్తుందో ఆమెకు తెలుసు. అట్టలన్నీ దుప్పటి మీద విడివిడిగా పడ్డాయి. నాయన కాసేపు చూసి, "మనకి తోచనే లేదు సూడు" అన్నాడు.

విడి అట్టలతో అవ్వ మాట్లాడటం మొదలుపెట్టింది. నీళ్ళ అట్ట పక్కన జీలకర్ర అట్ట పెడితే జీలకర్ర కాచిన నీళ్ళు. టీవీ బొమ్మను బోర్లా పెడితే కట్టెయ్యమని. ఇది తెలిసి వీధిలో ఆడవాళ్ళు మళ్ళీ రావడం మొదలుపెట్టారు. అవ్వ అట్టలు తీసి దుప్పటి మీద పెడితే వాళ్ళు చూసి, తలా ఒక రకంగా అర్థం చేసుకుని పోయేవాళ్ళు. ఎంత వెయ్యాలి, ఎన్నాళ్ళు తాగాలి, ఇవేవీ అట్టల్లో లేవు. ఒకామె మిరియాలు గుప్పెడు వేసి కాచి తాగి, నోరంతా పొక్కి వచ్చింది. ఆ రోజు నాయన అందరి ముందే చెప్పేశాడు.

"ఇంక ఈ ఇంట్లో ఎవురికీ మందు లేదు. ఆమెకి నోరు లేదు. రేపు ఎవురికన్నా ఏమన్నా అయితే యాడ సెప్పుకోవాల?"

తర్వాత ఎవరైనా గుమ్మం దగ్గరికి వస్తే అమ్మ అక్కడే మాట్లాడి పంపించేది. అవ్వకు ఆ మాటలు వినపడేవి. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. అట్టలు ముందు పెడితే తోసేసేది. కంచం కూడా తోసేసేది. ఆసుపత్రిలో చెప్పిన చేతి వ్యాయామం చేయించబోతే చెయ్యి బిగబట్టుకునేది. వారం తిరిగేసరికి ముఖం లోపలికి పోయింది. మందులు ఇచ్చే మనిషిగా తప్ప ఇంకో రకంగా ఆ మంచం మీద ఉండటం ఆమెకు చేతకాదని నాకు అప్పుడు తెలిసింది. నాయనకు కూడా తెలిసినట్టుంది. ఒక సాయంత్రం అన్నం తింటూ నన్ను చూడకుండా అన్నాడు.

"పాపా, ఆమె మనసులో ఏముండాదో నీకే తెలస్తాది. పక్కన కూర్చోని నువ్వు వివరంగా సెప్పేమాటైతే రానిస్తా. అంతా నోటితో సెప్పాల. చీటీలు రాసిచ్చేది కాదు."

"అది నోరు తెరిసేదాకా వాళ్ళ రోగం ఆగుతాదా" అని అమ్మ నవ్వింది.

ఆ మర్నాటి నుంచి అవ్వ మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. అవ్వ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. కానీ నేను చెప్పేది మగ్గాల చప్పుడులో ఎవరికీ వినపడేది కాదు. "ఏందీ?" అంటే నేను మళ్ళీ చెప్పేదాన్ని, అంతకంటే చిన్నగా. ఒకరిద్దరు విసుగుపడి లేచి వెళ్ళిపోయారు. నాయన షెడ్డు గుమ్మంలోంచి రోజూ ఒకసారి చూసి వెళ్ళేవాడు. ఇది ఎక్కువ రోజులు సాగదని నాకు తెలుసు. అవ్వకూ తెలిసే ఉండాలి.

అలాంటప్పుడు ఒక రోజు మధ్యాహ్నం ఎదురింటామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల హైస్కూల్లో చదువుతుంది. కడుపు పట్టుకుని వంగి నడుస్తోంది.

"అత్తా, నిన్నట్నించి కడుపునొప్పి అంటా ఉండాది. తినిందంతా కక్కేసింది. కడుపు కట్టుకోని ఉంటాది, ఆముదం పోద్దామా?"

అవ్వ ఆ పిల్లను దగ్గరికి రమ్మని సైగ చేసింది. ఎడమ చెయ్యి కడుపు మీద పెట్టి మెల్లగా నొక్కుతూ కుడివైపు కిందికి వచ్చింది. చెయ్యి తీసెయ్యగానే పిల్ల ఏడ్చేసింది. నేను అట్టలు ముందు పెట్టాను. అవ్వ ఆముదపు అట్టను తోసిన తోపుకు అది కింద పడింది. వాము అట్టను తీసి బోర్లా పెట్టింది. తర్వాత జీలకర్ర, శొంఠి, మిరియాలు. ఒక్కొక్కటే అన్నీ బోర్లా పెట్టింది. దుప్పటి మీద బెజ్జాల అట్టల వీపులు తప్ప ఇంకేమీ మిగలలేదు.

నాకు అర్థమైంది. దీనికి ఈ ఇంట్లో మందు లేదు. అట్టలన్నీ చేసిన నేను ఆ ఒక్క మాటకు అట్ట చెయ్యలేదు.

ఎదురింటామెకు అర్థం కాలేదు. "ఏందత్తా, కోపమా నా మీద? సరేలే, ఇంట్లో ఆముదం ఉండాది, నేనే పోస్తా" అని పిల్ల చెయ్యి పట్టుకుని లేచింది. నేను నోరు తెరిచాను. గొంతులోంచి గాలి వచ్చింది, మాట రాలేదు. వాళ్ళు గుమ్మం దాకా పోయారు.

అవ్వ బోర్లా ఉన్న అట్టల్లో వేళ్ళతో వెతికింది. ఒకదాన్ని వెల్లకిలా తిప్పి నా ఒళ్ళోకి విసిరింది. అది వస కొమ్ము అట్ట. నన్నే చూస్తోంది. ఆమె ముఖంలో ఒక పక్క మాత్రమే కదులుతుంది. ఆ పక్కన ఉన్నది కోపమో, వెక్కిరింతో, నేను చెప్పలేను.

"అక్కా, ఆముదం పొయ్యొద్దు" అన్నాను.

"ఏందీ?"

"ఆముదం పొయ్యొద్దు. నీళ్ళు గూడా తాపించొద్దు. దీనికి ఇంట్లో మందు లేదంటా ఉండాది అవ్వ. ఆస్పత్రికి తీసకపో, ఇప్పుడే పో."

నేను అరుస్తున్నానని నాకు తెలియలేదు. ఏమైందోనని షెడ్డులో నాయన మగ్గాలు ఆపాడు. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోవడంతో "ఇప్పుడే పో" అన్న మాట వీధి చివరి దాకా వినపడింది. ఎదురింటామె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నాయన వచ్చి, వాళ్ళతో పాటు బయటికి పోయి, ఆటో పిలుచుకొచ్చాడు.

ఆ పిల్లకు ఆ రోజే తిరుపతిలో ఆపరేషన్ జరిగింది. అపెండిక్స్ పేగు వాచి ఉందట. ఆముదం పోసి ఉంటే ప్రమాదమయ్యేదని అక్కడ అన్నారట. ఎదురింటామె తర్వాత వచ్చి అవ్వ కాళ్ళ దగ్గర చాలాసేపు కూర్చుంది. పోతూ పోతూ నన్ను చూసి, "ఆ దినం అట్లా కసిరితివే, నా మొగుడు గూడా నన్నట్లా కసరలేదు మే" అంది. వస కొమ్ము అట్ట ఆ తర్వాత అవ్వ దిండు కింద ఉండేది. నేను నీళ్ళు నమలడం మొదలుపెడితే చాలు, బయటికి తీసేది.

ఆడవాళ్ళు మళ్ళీ అలవాటుగా వచ్చారు. నేను చెప్పేదాన్ని. చెంచా అంటే ఏ చెంచా, కషాయం ఎంత మరగాలి, ఎన్నాళ్ళకు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి. ఇంట్లో మందు లేదన్న మాటకు మాత్రం వేరే అట్ట చెయ్యలేదు, అవసరం రాలేదు. నాయన షెడ్డు గుమ్మంలోంచి చూడటం మానేశాడు. చలికాలం వచ్చేసరికి అవ్వకు కొన్ని మాటలు తిరిగి వచ్చాయి. నీళ్ళు, వద్దు, ఈడ, ఆడ, సాలు. ఒక్కోసారి రెండు మూడు కలిసి వచ్చేవి. వచ్చినప్పుడు ఆమె కూడా కాస్త ఆశ్చర్యపోయేది.

ఆమె పోయిన రోజు గురించి రాయడానికి ఎక్కువ లేదు. పొద్దున అమ్మ కాఫీ తీసుకుపోయేసరికి పోయి ఉంది. అంతకుముందు సాయంత్రం ఎదురింటామె జుట్టు రాలుతోందని వచ్చింది. నేను మెంతుల గురించి మొదలుపెట్టి, కరివేపాకు నూనె మీదికి పోయి, నూనె ఎంతసేపు కాగాలో, ఎందుకు మాడకూడదో, ఎక్కడో చదివిన సంగతి ఒకటి కూడా కలిపి చెప్తూ ఉన్నాను. ఎదురింటామె ఆవలించింది. అవ్వ దిండు కింద చెయ్యి పెట్టి వస కొమ్ము అట్ట తీసింది. నేనింకా చెప్తూనే ఉన్నాను. ఆమె ఆ అట్టను దుప్పటి మీద బోర్లా పెట్టింది. తర్వాత నోరు కూడదీసుకుని, ఒక్కో మాటే నా వైపు చూస్తూ అంది.

"సాల్లే మే. నోరు మూసుకో."