సుజాతకు మసాజ్ కోసం: ఉప్పల్ నుంచి నాచారం దాకా

ఈ బ్లాగులో మామూలుగా కొండల గురించి, కోటల గురించి రాస్తుంటాను. ఈసారి రాస్తున్న ప్రయాణంలో చూడదగ్గ చోటు ఒక్కటీ లేదు. పొద్దున నాగారంలో బయల్దేరి ఉప్పల్ వెళ్ళాం, అక్కణ్ణుంచి నాచారం వచ్చాం, పొద్దుగూకేలోపు ఇల్లు చేరాం. అంతే. కానీ క్యాన్సర్ ఉన్న మనిషిని వెంటబెట్టుకుని ఇలాంటి పని మీద తిరగాల్సినవాళ్ళు మన ఊళ్ళో చాలామందే ఉంటారు. బయల్దేరే ముందు నేను వెతికితే పనికొచ్చే ముక్క ఎక్కడా దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

సుజాత, నేను ఒకే బడిలో టీచర్లం. నాది రేపల్లె, తనది జనగామ దగ్గర పల్లె. నాగారంలో మా ఇళ్ళు ఎదురెదురుగా ఉంటాయి. నన్ను సొంత అక్కలాగే చూస్తుంది. కిందటేడు తనకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసి ఆ రొమ్ము తీసేశారు, ఇప్పుడు కీమో నడుస్తోంది. నొప్పుల కంటే నిద్ర లేకపోవడమే తనను ఎక్కువ పిండేసింది. వీపు పట్టేసేది, అరికాళ్ళు మండేవి, తెల్లారేదాకా మంచం మీద కూర్చునే ఉండేది. ఆమె భర్త ప్రభాకర్ ఎలక్ట్రీషియన్. చెడ్డవాడని నేను చెప్పలేను. మందులు తెస్తాడు, ఆసుపత్రికి తీసుకెళ్తాడు, ప్రతి ఆదివారం చర్చిలో ఆమె కోసం ప్రార్థన చేయిస్తాడు. కానీ ఆపరేషన్ అయినప్పటి నుంచి పక్క గదిలో పడుకుంటున్నాడు.

ఒకసారి ఆసుపత్రికి నేనే తోడు వెళ్ళినప్పుడు నిద్ర సంగతి డాక్టరమ్మని అడిగాను. "మెత్తగా మసాజ్ చేయించుకోవచ్చు. దాంతో జబ్బు తగ్గదు, ఆ ఆశ పెట్టుకోకండి. నొప్పి, ఆందోళన కాస్త తగ్గుతాయి, నిద్ర పట్టొచ్చు" అని, జాగ్రత్తలన్నీ ఒక చీటీ మీద రాసిచ్చారు. ఆపరేషన్ జరిగిన వైపు చెయ్యి జోలికి పోకూడదు. మందు ఎక్కించడానికి ఛాతీ దగ్గర చర్మం కింద పోర్ట్ అని చిన్న పరికరం అమర్చారు, దాన్ని తాకకూడదు. ఎక్కడా గట్టిగా నొక్కకూడదు. నాచారంలో ఇలాంటి రోగులకే మసాజ్ చేసే గది ఒకటి ఉండేదని అక్కడి నర్సు చెప్పింది కానీ, ఆమె ఇచ్చిన నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. దాంతో ఉప్పల్‌లో ఒక పెద్ద మసాజ్ పార్లర్‌లో శనివారం పొద్దుటికి బుక్ చేశాను.

"గీ మసాజులు పైసలున్నోళ్ళ ముచ్చట గాదా అక్కా?" అంది సుజాత బయల్దేరేటప్పుడు. తలకు స్కార్ఫ్ కట్టుకుంది, మాస్కు పెట్టుకుంది. ఇంట్లో ఎప్పుడూ నైటీలో ఉండే మనిషి ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుంది.

నాగారం నుంచి ఈసీఐఎల్ చౌరస్తాకు షేర్ ఆటోలు దండిగా ఉంటాయి. అక్కణ్ణుంచి మల్లాపూర్, నాచారం మీదుగా ఉప్పల్ వెళ్ళే బస్సు ఎక్కితే ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అయితే కీమోలో ఉన్నవాళ్ళకు గుంపు మంచిది కాదు. అందుకని ఆటో మాట్లాడుకున్నాం, నాలుగు వందలైంది. తొమ్మిదిన్నరకి బయల్దేరితే ఉప్పల్ చేరేసరికి పదిన్నర దాటింది. వరంగల్ రోడ్డు వైపు దుమ్ము లేస్తుంటే సుజాత చీర కొంగు మాస్కు మీద అడ్డం పెట్టుకుంది. డ్రైవరు అద్దంలో చూసి, "అమ్మకు పానం బాగ లేదా? జర నెమ్మదిగ తోల్త" అని గుంతలు తప్పించుకుంటూ తీసుకెళ్ళాడు. ఆ రోజు దొరికిన మొదటి మర్యాద అదే. చాలాసేపటిదాకా మళ్ళీ దొరకలేదు.

పార్లర్ మెట్రో స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంది. లోపల చల్లగా, నిమ్మగడ్డి వాసనతో హాయిగా ఉంది. కౌంటర్ దగ్గర అమ్మాయికి డాక్టరమ్మ చీటీ ఇచ్చాను. చదివి లోపలికి వెళ్ళింది, చాలాసేపటికి తిరిగొచ్చింది.

"సారీ మేడమ్. మా స్టాఫ్ భయపడుతున్రు. మళ్ళ అదే బెడ్డు మీద వేరే కస్టమర్లు పండుకోవాలె గదా."

"గిది అంటుకునేది గాదమ్మా" అంది సుజాత నెమ్మదిగా.

"నాకు తెల్సు మేడమ్. గాని అందరికి తెల్వది గదా."

ఇలాంటి రోగులకు మసాజ్ చేయడం మాకు రాదు అని ఉంటే నేనే దండం పెట్టి వచ్చేసేదాన్ని. తెలియని చేతులకు అప్పగించడం కంటే అదే మంచిది కూడా. వాళ్ళన్నది అది కాదు. మేమింకా తలుపు దాటకుండానే, సుజాత కూర్చున్న కుర్చీ మీద ఆ అమ్మాయి శానిటైజర్ కొట్టి తుడుస్తోంది. నాకు ఒళ్ళు మండి వెనక్కి తిరిగాను. సుజాత నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "లొల్లి వద్దక్కా. నేను నిలబడలేను" అంది.

ఇంటికి వెళ్ళిపోదామంది. ఎలాగూ నాచారం మీదుగానే పోవాలి, ఆ గది ఉందో లేదో చూసి పోదామన్నాను నేను. దారిలో ఒక టిఫిన్ సెంటర్లో ఇడ్లీ తిన్నాం. వేడివేడిగా ఆవిరి మీద దించినవే ఇమ్మని అడిగితే వంటాయన కొత్త వాయ పెట్టి, ఉడికేదాకా మమ్మల్ని ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. నాచారంలో దిగి, క్యాన్సర్ వాళ్ళకు మసాజ్ చేసే చోటు ఎక్కడని ఒక మెడికల్ షాపులో అడిగాం. రెండో సందులో పెద్ద బోర్డు ఉంటుందని చెయ్యి చూపించారు.

బోర్డు నిజంగానే పెద్దది. షుగరు, పక్షవాతం, క్యాన్సర్, అన్నీ దాని మీదే ఉన్నాయి. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. కానీ ఎండకు సుజాత మొహం వాడిపోయింది. ముందు కూర్చోబెట్టాలన్న తొందరలో లోపలికి తీసుకెళ్ళాను. తెల్లకోటు వేసుకున్న ఒకాయన ఎదురొచ్చాడు. చీటీ ఇస్తే చూడకుండా పక్కన పెట్టాడు. "ఆసుపత్రివాళ్ళు ఇలాగే భయపెడతారమ్మా. గడ్డ అంటే ఏమీ లేదు, ఒంట్లో విషం పేరుకోవడమే. కోసి తీసేసినా అది లోపలే ఉంటుంది. పద్ధతి ప్రకారం నొక్కితే కరిగి బయటికి పోతుంది. మా దగ్గర మూడు నెలలు చేయించుకోండి. కీమో మాత్రం ఆపెయ్యాలి, రెండూ కలిపితే పని చెయ్యదు" అన్నాడు.

అంటూనే సుజాత ఎడమ చెయ్యి అందుకుని చంక దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కాడు. సుజాత అరిచిన అరుపు రోడ్డు మీదికి వినిపించి ఉంటుంది. నేను ఆయన చేతిని లాగేసి, చీటీ తీసుకుని, సుజాతను లేపాను. "నొప్పి వస్తోందంటే విషం కదులుతోందన్నమాట" అంటూ గుమ్మం దాకా వచ్చాడాయన.

సందు చివర ఒక గోడ నీడన ఆగాం. సుజాత తన ఎడమ చెయ్యిని కుడిచేత్తో పట్టుకుని గోడకు ఆనుకుంది. నేను ఆయన్ను తిడుతున్నాను. అప్పుడు తను అడిగింది, "నిజంగనే కరుగుతదంటవా అక్కా?"

ఆ నొప్పితో కూడా తను ఆ మాటనే పట్టుకుంది. అబద్ధమని చెప్పక తప్పలేదు. కరగదు సుజాతా, కీమో ఆపితే ప్రాణం మీదికొస్తుంది అన్నాను. "తెల్సులే. అడిగిన గంతే" అని మొహం తిప్పుకుంది. ఆ క్షణంలో ఆ తెల్లకోటు మనిషి మీద వచ్చినంత అసహ్యం నాకు జీవితంలో ఎవరి మీదా రాలేదు. ఆశ అమ్ముకునేది ఆయన, దాన్ని చంపాల్సింది నేను.

నర్సు చెప్పిన అసలు గది పక్క సందులోనే ఉంది. బోర్డు లేదు. ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో, వాచ్‌మన్ చూపిస్తే తెలిసింది. శోభ అనే ఫిజియోథెరపిస్టు తలుపు తీసింది. నలభై ఏళ్ళుంటాయి, క్యాన్సర్ రోగులకు మసాజ్ చేయడంలో శిక్షణ తీసుకుంది. చీటీ పూర్తిగా చదివింది. జ్వరం ఉందా, కాళ్ళలో వాపు ఉందా, రక్తపరీక్ష ఎప్పుడు చేశారు అని ఒక్కొక్కటే అడిగింది. ఎడమ చెయ్యి చూసి, వాపు గానీ ఎరుపు గానీ వస్తే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చెయ్యమంది. చీర విప్పనక్కర్లేదంది. దిండ్లు పెట్టి కుడివైపుకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టింది. చేతులు కడుక్కుని, వాసన లేని నూనెను అరచేతుల్లో వెచ్చబెట్టి, పాదాల దగ్గర మొదలుపెట్టింది.

నేనేదో గొప్ప విద్య చూడబోతున్నాననుకున్నాను. చేసిందల్లా పాదాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని, పసిపిల్లను నిమిరినంత మెత్తగా మడమ నుంచి వేళ్ళ దాకా నిమరడం. కాసేపటికి సుజాత భుజాలు కదిలాయి. నొప్పేమోనని శోభ ఆగింది.

"ఆపకు మేడమ్" అంది సుజాత. ఏడుస్తోంది. "ఆపరేషన్ అయినకాడికెల్లి నన్ను ఎవ్వరు ముట్టినా సూదేసెటందుకే ముట్టిన్రు."

వీపు మీదికి చేతులు వచ్చేసరికి నిద్రపోయింది. చిన్నగా గురక కూడా పెట్టింది. శోభ నన్ను పిలిచి పాదాలు ఎలా పట్టాలో నేర్పింది. చర్మం మీద నూనె పరుచుకునేంత బరువు చాలు, అంతకు మించి వద్దంది. డబ్బులెంతని అడిగితే అక్కర్లేదంది. మళ్ళీ శనివారం రావొచ్చా అని అడిగాను.

"ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తున్నామండీ" అంది. "రోజూ రోగులు వస్తుంటే చూడ్డానికి బాగా లేదని, బయట క్యాన్సర్ అని బోర్డుంటే ఫ్లాట్లు ఎవరూ కొనడం లేదని పై ఫ్లాట్లవాళ్ళ గొడవ. బోర్డు తీసేశాం. అయినా ఒప్పుకోలేదు. వేరే చోట అడుగుతున్నాం, పేరు వినగానే వద్దంటున్నారు."

పక్క సందులో ఆ పెద్ద బోర్డు మీద ఎవరికీ అభ్యంతరం లేదు మరి.

నాలుగింటికి ఆటో ఎక్కాం. దారి పొడుగునా సుజాత నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఇంటి ముందు దిగేసరికి ప్రభాకర్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమన్నరు వదినా, తగ్గుతదన్నరా?"

"తగ్గదు ప్రభాకర్. కాస్త నిద్ర పడుతుంది. పాదాలు నిమరడమే, ఇంట్లో నువ్వు కూడా చెయ్యొచ్చు."

"నిమురుడు గంతేనా? గా దానికి గంత దూరం పోవుడెందుకు?"

సుజాత చెప్పులు విప్పుతూ అంది, "దగ్గర్ల దొరకలే."

ప్రభాకర్ మొహం ఎర్రబడింది. బండి తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఇది జరిగి రెండు నెలలైంది. నాచారం గదికి తాళం పడింది, శోభ ఇంకా చోటు వెతుకుతూనే ఉంది. సుజాత కీమో ఆపలేదు. రోజు విడిచి రోజు సాయంత్రం నేను వెళ్ళి పాదాలు నిమురుతున్నాను. ఆ రాత్రి నాలుగైదు గంటలు పడుకుంటోంది, నేను వెళ్ళని రాత్రి కూర్చునే ఉంటోంది. ప్రభాకర్ గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్తాడు. ఒకరోజు, నొప్పి పెడతానేమోనని భయమన్నాడు. రా, చూపిస్తానంటే రేపు అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. భయమూ నిజమే అయ్యుండొచ్చు. ఒక ఊళ్ళో జబ్బు పేరు చెప్పి ముట్టుకోం అనేవాళ్ళు, జబ్బు పేరు చెప్పి దోచుకునేవాళ్ళు ఇంత సులువుగా దొరికి, మెత్తగా పాదం పట్టుకునేవాళ్ళకు ఒక గది దొరకకపోవడం మాత్రం నాకు మింగుడుపడడం లేదు.

ఇలా బయల్దేరేవాళ్ళకు ఒక్క సలహా. ఒంట్లో ఎక్కడ తాకకూడదో మీ డాక్టరు చేత రాయించుకుని వెళ్ళండి. ఎదుటివాళ్ళు ఆ చీటీ పూర్తిగా చదివేదాకా రోగి మీద చెయ్యి వెయ్యనివ్వకండి. చదవకుండా పక్కన పెట్టినా, కీమో ఆపమన్నా, చెప్పులేసుకుని బయటికి వచ్చెయ్యండి.