కుడితి నీళ్ల సాక్ష్యం

మేము అద్దెకున్న ఇంట్లో మా హక్కు గోడల వరకే. మిద్దె యజమానిది. పావగడలో వేరుశనగ వ్యాపారం చేసే కొందరి ఇళ్లకు అప్పట్లో ఇదే కట్టుబాటు: కింద సంసారం చేసుకునేవాడు అద్దె ఇస్తాడు, పైన కాయలు ఆరబోసుకునేది యజమాని. నిచ్చెన కూడా ఆయన ఇంట్లోనే ఉండేది. ఇల్లు మాట్లాడుకున్న రోజు ఈ షరతు విని నేను అభ్యంతరం చెప్పలేదు. మిద్దె మీద నాకేం పని అనుకున్నాను.

ఎనభైల చివరి కరువు సంవత్సరాలవి. నేనొక సహకార సంఘంలో గుమాస్తాను. ఇంట్లో నేనూ నా భార్యా నాలుగేళ్ల మా పాపా. పాపకు ఉబ్బసం. చెమ్మ తగిలిన చోట పడుకోబెట్టవద్దని డాక్టరు మొదటి రోజే హెచ్చరించాడు. ఉన్నవి రెండు గదులు. ముందుగది నిండా పొయ్యి పొగ కాబట్టి పాప వెనకగదిలోనే పడుకోవాలి. ఈ వెనకగది కోసమే నేను కోర్టుకు ఎక్కవలసి వచ్చింది.

మట్టి మిద్దె అంటే దూలాల మీద దంతెలనే సన్నకర్రలు పరిచి, వాటిపైన కంప, కంప మీద మన్ను, అన్నింటికీ పైన చౌడు. చౌడుమన్ను తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి వదలదు. అందుకే ప్రతి ఏడూ వానలకు ముందు బండెడు చౌడు తెప్పించి పరిపించడం ఆనవాయితీ. మా యజమాని ఆ పని మానేసి మూడేళ్లయింది. వాన లేని ఊళ్లో చౌడెందుకన్నది ఆయన వాదం. అది ఆయన ఒక్కడి వాదమే కాదు, వీధిలో చాలామంది మానేశారు. అయితే మిగతావాళ్ల మిద్దెల మీద పాత చౌడైనా మిగిలి ఉంది. మా మిద్దె మీద అదీ లేదు. ఏటా కాయలు ఎండాక కూలీలు చీపుళ్లతో ఊడ్చి సంచులకెత్తేటప్పుడు కాయలతో పాటు చౌడు కూడా పొరలు పొరలుగా లేచిపోయింది. అది మాకు తెలియదు. పైకి ఎక్కి చూసే వీలు లేదు కదా.

ఆ అక్టోబరులో, చేలల్లో వేరుశనగ ఊడలు దిగేటప్పుడు రాని వాన, కాయలు పీకి ఇళ్లకు చేర్చుకున్నాక వచ్చింది. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని వాన. ఊరికి ఆ చివర తాలూకా కచేరీ దగ్గర నేల కూడా తడవలేదు. మా వీధిలో మాత్రం దీపాలు పెట్టే వేళ గంటసేపు కుమ్మరించింది. వెనకగదిలో ముందు నీళ్లు కాదు, మట్టి కారింది. పసుపుపచ్చని బురద దంతెల సందుల్లోంచి జారి పాప చాప మీద పడింది. తర్వాత ఒక మట్టిపెడ్డ ఊడిపడింది. అది ఊడిన చోట చెదలు తిన్న దూలం కనబడింది. ఆ వారమంతా పాప ఆయాసంతో కూర్చునే నిద్రపోయింది.

అప్పటి నుంచి నాకు కుదురు పోయింది. తింటూ పైకి చూసేవాణ్ణి. పాప చాపను ఈ గోడ పక్క నుంచి ఆ గోడ పక్కకు మార్చేవాణ్ణి, తెల్లవారి మళ్లీ మార్చేవాణ్ణి. సంఘంలో పద్దులు కూడుతూ ఉంటే మధ్యలో దూలం గుర్తొచ్చి కూడిక మొదటికొచ్చేది. చిన్నప్పటి నుంచీ తేదీలు రాసుకునే అలవాటు నాది. వాన పడిన రోజు, పెడ్డ ఊడిన రోజు, యజమాని దగ్గరికి వెళ్లిన ప్రతి రోజూ రాశాను. రాసినందువల్ల మనసు నిలకడ పడుతుందనుకున్నాను. పడలేదు.

మొదటిసారి నేను యజమాని మండీకి వెళ్లినప్పుడు ఐదారుగురు కాయలు చెరుగుతూ కూర్చున్నారు.

"సావుకారూ, మిద్దె కారింది," అన్నాను.

"కారిందా? మంచి మాట చెప్పినావప్పా రైటరూ! ఊర్లో వానొచ్చిందని ఎవురూ నాకు చెప్పనేలేదే," అన్నాడు ఆయన. చెరిగేవాళ్లంతా నవ్వారు.

"పాప మీద మట్టి పడింది. దూలం చెదలు పట్టి ఉండాది. చౌడన్నా ఏపియ్యండి."

"రెండేండ్లుగా మోడం తట్టు సూసి సూసి మా మెడలు పట్టుకున్నాయి. నీ ఒక్కని ఇంటి మీదనే కురిసిందంటే నీ పుణ్యం పెద్దది. మాకూ రోంత పంచు."

ఆయన దుర్మార్గుడని నేను అప్పుడూ అనుకోలేదు. కాయల్లో గింజ లేక, తెచ్చిన పెట్టుబడి తిరిగి రాక ఆయనా సతమతమవుతున్నాడు. కానీ ఆయన సరుకు గోనెసంచుల్లో భద్రంగా ఉంది. మా పాప దూలం కింద ఉంది.

మరో రెండుసార్లు తిరిగాక నేనే ఒక మనిషిని మాట్లాడి చౌడు బండి తెప్పించాను. అతడు తను తెచ్చుకున్న నిచ్చెన వేస్తుండగానే యజమాని పరుగున వచ్చాడు. "ఇంట్లో ఉండు, వద్దనలేదు. మిద్దె ఎక్కేదానికి నువ్వెవురప్పా? ఈపొద్దు చౌడేస్తావు, రేపు ఇల్లే నాదంటావు," అని బండిని వెనక్కు పంపించాడు. నేను ఆ నెల నుంచి అద్దె ఆపాను. సంక్రాంతి రాకముందే ఆయన, ఇల్లు ఖాళీ చేయించమని మున్సిఫ్ కోర్టులో దావా వేశాడు. మరమ్మతు చేయించమని నేను ఎదురు అర్జీ పెట్టుకున్నాను. వకీలు సలహా మీద ఆపిన అద్దెను కోర్టులో జమకట్టాను. ఓడితే అదే నెలలో ఇల్లు వదలాలి. కరువుకు పల్లెలు ఖాళీ అయి జనం పావగడ చేరుతున్న రోజులవి. పొగ లేని గది ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది?

అవతలి వాదం చాలా సులభమైనది. ఈ ఏడు వానే లేదు, తాలూకా అంతా కరువేనని అందరికీ తెలుసు, వాన లేనప్పుడు మిద్దె ఎలా కారుతుంది, అద్దె ఎగ్గొట్టడానికి అద్దెదారే లోపల నీళ్లు చల్లి మరకలు చేశాడు. నా వకీలు నా డైరీని తిరగేసి పక్కన పెట్టాడు. "మీ రాతకు మీరే సాక్షి ఎట్లయితారు సార్? వీధిలో ఎవురినన్నా పిలవండి," అన్నాడు.

ఎవరూ రాలేదు. వాళ్ల కారణం నాకు మొదట తట్టలేదు. ఎదురింటి రైతు చెబితే అర్థమైంది. "అప్పా, మీ మీద మాకేం కోపం లేదు. వాన లేక పంట పోయింది, కరువు దుడ్డు ఇయ్యండని నిన్నమొన్ననే కచేరీలో ఏలిముద్ర ఏసినాము. ఇప్పుడు కోర్టుకొచ్చి వాన కుమ్మరిచ్చిందని చెప్తే, పైనోళ్లు రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి సూడరా? పిల్లోళ్ల నోటికాడ కూడు పోతాది."

వాళ్లు కచేరీలో చెప్పింది అబద్ధం కాదు. పైరుకు కావలసిన వాన నిజంగానే రాలేదు. మా మిద్దెను కార్చిన వాన పైరుకు పనికొచ్చేది కాదు. కానీ కాగితంలో రెంటికీ పేరు ఒక్కటే. పైగా వాన కోసం వరుణపూజలు చేసిన వీధిలో, వచ్చిన ఆ ఒక్క వానను నేను నష్టమని కోర్టుకు ఈడ్చాను. కొందరు ఆడవాళ్లు మా గుమ్మం ముందు ముఖం తిప్పుకుని పోయేవాళ్లు.

చివరికి పక్కింటి అవ్వ ఒక్కతే ఒప్పుకుంది. ఆమెకు ఒక బర్రె, ఊరవతల రెండెకరాల చేను. కచేరీలో ఆమె కూడా వేలిముద్ర వేసింది. "నేనొస్తాలేప్పా. అబద్ధం చెప్పను, వానొచ్చిందనీ చెప్పను," అంది. ఇక ఏం చెబుతుందో తెలియక సాక్ష్యం రోజు ఉదయం నేను కోర్టు వసారాలో ఒక్కచోట నిలబడలేకపోయాను.

పావగడ కన్నడ రాష్ట్రంలోది కాబట్టి న్యాయాధీశుడు కన్నడంలో అడిగాడు, ఆమె తెలుగులో బదులిచ్చింది. ఆయనకు రెండూ వచ్చు.

"వాన వచ్చిందా అవ్వా?"

"వాన యాడొచ్చింది సామీ! వచ్చుంటే నేనీడ ఎందుకుంటా, చేన్లో ఉందును."

"మరి వాళ్ల ఇల్లు కారిందా?"

"కారింది. నేనే పోయి సూసినా. బిడ్డ పక్కంతా బురద."

"వాన లేకుండా ఎలా కారింది?"

"మిద్దె మంచిది కాకపోతే కారుతాది సామీ. దానికి వాన మింద నింద ఎందుకు?"

కోర్టంతా నవ్వింది. న్యాయాధీశుడు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఒక కుర్ర వకీలును కమిషనరుగా వేసి, ఇల్లు స్వయంగా చూసి నీళ్లు పోయించి పరీక్షించి నివేదిక ఇవ్వమన్నాడు.

కమిషనరు వచ్చింది మార్చిలో, ఎండ ముదిరాక. మూడు రోజులకొకసారి వీధి కొళాయి వచ్చేది. ఆ రోజు వంతు కాదు. ఆయన నిచ్చెనెక్కి మిద్దె చూసి దిగి, "పది బిందెలు పోస్తే తేలిపోతుంది," అన్నాడు. వీధి అంతా ఒక్కసారి లేచింది.

"తాగే నీళ్లు మిద్దె మింద పోస్తారంటనా! కండ్లు పోవా?" అని ఎదురింటావిడ కేక వేసింది.

యజమాని అరుగు మీద తీరికగా కూర్చున్నాడు. "పోయించుకోండి సార్, నాదేం అడ్డం లేదు. నీళ్లుంటే."

నేను ఇంట్లోకి వెళ్లాను. నా భార్య నీళ్ల బిందెలుండే గూడు ముందు అడ్డంగా నిలబడింది. "ఒక్క చెంబు గూడా ఇయ్యను. మూడు దినాలకు పాపకు ఉండేది ఇవే. గెలిచి ఏం తాగుతారు?" అంది. బయట కమిషనరు గడియారం చూసుకుంటున్నాడు. నీళ్లు లేకపోతే పరీక్ష జరగలేదని రాస్తానన్నాడు. అలా రాస్తే నా కేసు పోయినట్టే. నేను గుమ్మంలోకి రావడం, లోపలికి పోవడం, మళ్లీ రావడం. మనిషి మధ్యన ఇరుక్కుంటే కాళ్లు అలాగే తిరుగుతాయి.

అప్పుడు అవ్వ తన పశువుల పాక నుంచి అరిచింది. "మంచినీళ్లే కావాల్నా ఏందప్పా? పైన పడేది మంచినీళ్లో కుడితో మిద్దెకేం తెలుస్తాది? మా బర్రె కుడితి ఉండాది, ఎత్తుకోండి."

ఆమె తొట్టిలోంచి ముంచి తెచ్చిన మొదటి బిందెను, కమిషనరు మిద్దె మీదికి ఎక్కించిన కూలివాడికి నేనే అందించాను. రెండోది ఎదురింటి నుంచి వచ్చింది. బియ్యం కడిగిన నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు, పుల్లబడిన గంజి: కోర్టుకు రామని చెప్పిన ఇళ్లన్నీ తమ కుడితి కుండలు ఖాళీ చేశాయి. "మేమేం వాన పడిందని అంటా లేదు సార్, నీళ్లు పోస్తాండాము, అంతే," అని ఎదురింటావిడ కమిషనరుకు స్పష్టంగా వినిపించింది. అవ్వ బర్రె తన వంతు పోతోందని తెలిసి అరుస్తూనే ఉంది.

కమిషనరు వెనకగదిలో కాగితాలు పట్టుకుని తల ఎత్తి నిలబడ్డాడు. ఏడో బిందెకు దంతెలు నల్లబడ్డాయి. తొమ్మిదో బిందె పూర్తి కాకుండానే తౌడు కలిసిన పుల్లని ధార తిన్నగా ఆయన తెల్లచొక్కా మీద పడింది.

"కుడితి చిక్కగా ఉంటాది సార్, బరువుకు దిగుతాది," అన్నాడు యజమాని.

"వాన పలచన కదా, ఇంకా సులువుగా దిగుతుంది," అన్నాడు కమిషనరు, చొక్కా దులుపుకుంటూ.

నివేదిక చేరాక ఇద్దరు వకీళ్లూ మాట్లాడుకుని రాజీ కుదిర్చారు. యజమాని దూలం మార్చి చౌడు పరిపించాలి. ఇక మిద్దె మీద కాయలు ఆరబోయకూడదు. కోర్టులో ఉన్న అద్దె ఆయన తీసుకోవచ్చు. మొదటి వానకు గది కారితే, బాగుపడేవరకూ అద్దె సగమే. దావా వాపసు. నేను రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. ఆయన చదవకుండానే పెట్టాడు.

వైశాఖంలో పని జరిగింది. కొత్త దూలం వచ్చింది, మూడు బండ్ల చౌడు పడింది. కానీ మట్టి పనికి పరీక్ష వానే. ఆ వాన రాలేదు. మబ్బు పట్టిన ప్రతి సాయంత్రం పాప చాప ముందుగదికి మార్చేవాణ్ణి. మబ్బు విడిపోతే వెనకగదికి మార్చేవాణ్ణి. "ఇల్లు బాగయింది, మీరు బాగయ్యేదెప్పుడు?" అంది నా భార్య.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం వాన దిగింది. ఈసారి ఊరంతా, ఊరి పక్కనున్న కొండంతా. వీధిలో జనం ఇళ్లలోంచి బయటపడి తడుస్తున్నారు. చినుకు మీద పడకుండా పాపకు కొంగు కప్పి నా భార్య గుమ్మంలో నిలబడింది. అవ్వ నడివీధిలో చేతులు చాచి అందరినీ పేర్లు పెట్టి పిలుస్తోంది. నేను వెనకగదిలో దంతెల కింద ఉన్నాను.

గొడుగు లేకుండా నిలువెల్లా తడిసి యజమాని వచ్చాడు. కోర్టు తర్వాత ఆయన మా గడప తొక్కడం అదే మొదలు.

"కారిందా?"

"ఇంకా లేదు."

"ఇంకా అంటే ఏందప్పా? కారితే బాగుండునని సూస్తాండావా?"

ఆయన తల ఎత్తి కొత్త దూలాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి చెమ్మ తగులుతుందేమోనని కిందికి జరుపుకుంటూ వచ్చాడు. నేను రెండో గోడ దగ్గర అదే పని చేస్తున్నాను.

"రాసుకో, కారలేదని," అన్నాడు.

"వాన నిలవనీ."

"నిలిచేదాకా ఈడనే ఉంటాలే." నేను పీట జరిపాను. ఆయన కూర్చోలేదు.

పైన చప్పుడు పెరిగింది. గుమ్మంలో నిలబడి విసుగెత్తిందేమో, పాప లోపలికి వచ్చి చుట్టిపెట్టిన తన చాపను లాగి గది మధ్యన, కొత్త దూలం కింద పరుచుకోబోయింది.

"ఆడొద్దు తల్లీ, రోంత ఈ పక్కకు రా," అన్నాడు యజమాని, నాకన్నా ముందే.