వెనక సీటు బరువు

మా మామయ్యని ఇంట్లో అందరం పిల్లి అనేవాళ్ళం. కాలు గాలిన పిల్లి అన్నది పూర్తి పేరు. అంత పేరూ పలికేలోపు ఆయన గది దాటిపోతాడు కాబట్టి కుదించాం. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలకోసారి లేచి వీధి తలుపు దాకా వెళ్ళొచ్చేవాడు. పాత కార్లు బాగుచెయ్యడం ఆయన పని. మనిషి మంచివాడు, పనిమంతుడు. నిదానం ఒక్కటే లేదు, అదే మా ప్రాణాల మీదికి తెచ్చింది.

మా నాన్నకో పాత కారుంది. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా తిరుగుతుండే పొడుగాటి ఇనప గొట్టం, షాఫ్టు అంటారు, అది అరిగిపోయింది. కొత్తది చేయించే పని మామయ్యకే అప్పగించాం. ఆయన కారు వెనక భాగాన్ని జాకీ మీద లేపి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే అడుక్కి దూరి, టేపు పెట్టి, అంకె చెప్పేసి చేతులు దులుపుకున్నాడు. కారు నేల మీద నిలబడి, లోపల మనుషులు కూర్చుంటే స్ప్రింగులు కుంగుతాయి, ఇరుసు కాస్త వెనక్కి జరుగుతుంది. ఆ సంగతి ఆయనకి తెలీక కాదు, జాకీ దించేదాకా ఆగలేక.

షాఫ్టు పొట్టిదైంది. అమ్మా నాన్నా నేనూ ఎక్కి వంతెన మీద వెళ్తుంటే ఒక గతుకు దగ్గర అది ఊడి రోడ్డుకి కొట్టుకుంది. వెనక సీట్లో అమ్మ సరిగ్గా ఆ చప్పుడు మీదే కూర్చుని ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. నాన్న నవ్వేసి ఊరుకున్నాడు. అమ్మ మాత్రం ఇక ఆ కారు ఎక్కనంది. సొంత తమ్ముడు వస్తే టీ ఇచ్చేది, కూర్చోమనేది కాదు. నాకు అమ్మ మీదే కోపం వచ్చేది. అక్క ముభావంగా ఉంటే ఆయనకి ముద్ద దిగదని ఆవిడకి బాగా తెలుసు.

మళ్ళీ కొలత తీసే రోజు వచ్చింది. మామయ్య పొద్దున్నే వచ్చి కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. టేపు లాగడం, వదిలేయడం. చెయ్యని పనికి చేతులు కడుక్కోవడం. కొత్త షాఫ్టు చెయ్యాల్సిన లేత్ పనివాడు అంకె కోసం ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఈసారి చక్రాలు నాలుగూ నేల మీదే ఉన్నాయి. ముందు సీట్లలో నాన్ననీ నన్నూ కూర్చోబెట్టి, పక్కన కడుతున్న ఇంటి దగ్గర్నుంచి ఇసక మూటలు మోసుకొచ్చి వెనక సీట్లో వెయ్యసాగాడు. అమ్మ వసారాలోంచి చూస్తూ నిలబడింది.

"ఆ మూటలెందుకు?"

"నువ్వు కూర్చునే చోట నీ అంత బరువుండాలక్కా," అన్నాడు మామయ్య, తలెత్తకుండా.

ఎన్ని మూటలైతే తన అంత అవుతుందని అడిగింది అమ్మ. నాన్న ఏదో చెప్పబోయి, బుద్ధి తెచ్చుకుని మానేశాడు.

"అందాజుగా వేస్తున్నా," అన్నాడు మామయ్య.

అమ్మ మొహం ఎర్రబడింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వచ్చింది.

"మళ్ళీ అందాజేనా? దించు ఆ మూటల్ని."

దించాడు. అమ్మ కొంగుతో సీటు మీది ఇసక దులిపి, ఆ రోజు కూర్చున్న చోటే కూర్చుంది. ముందు సీటు వీపుని రెండు చేతులా పట్టుకుంది. కారు కిర్రుమని కాస్త కుంగింది. నాన్న వెనక్కి తిరగబోతే, కదిలితే కొలత తప్పుతుందని కసిరింది.

మామయ్య అడుక్కి దూరాడు. పాదాలు మాత్రం నా తలుపు పక్కన బయటికి కనిపిస్తూ, ఎప్పటిలాగే ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి. కాసేపటికి బయటికొచ్చాడు. ఫోను అప్పుడే మోగుతోంది.

"అయిపోయిందక్కా. ఇక దిగు."

అమ్మ దిగలేదు.

"ఇంకోసారి కొలువు. నేనెక్కడికీ పోవట్లేదు."

మామయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మోగుతున్న ఫోను ఆపేసి నా ఒళ్ళో పెట్టి, మళ్ళీ అడుక్కి దూరాడు. ఈసారి చాలాసేపు పట్టింది. నేను తలుపులోంచి వంగి చూశాను. ఆయన పాదాలు కదలడం లేదు.