ముక్కిన ఉలవలు

ముప్పై ఏళ్ళుగా ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. మొహం చూసి చెప్పవలసి వస్తే ఈసారి కూడా తప్పించుకునేవాణ్ణి.

నేను గుర్రాల మధ్య బతికినవాణ్ణి. తణుకు దగ్గర ఒక చిన్న జమీందారు గారి దివాణంలో గుర్రపుశాల నా చేతిలో ఉండేది. గుర్రాల సంగతి తెలిసినవాడని నాకు పేరు. ఏ కాలంలో ఏం పెట్టాలి, ఎలా కాపాడుకోవాలి అని అడగడానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారు. నేను వాళ్ళకు చెప్పేదంతా నాకంటే ముందు ఆ శాల చూసుకున్న ఖాదరు సాయిబు గారు నాకు చెప్పిందే. ఆయన పేరు మాత్రం వాళ్ళకు చెప్పను. ఎందుకు చెప్పను? ఆ పేరెత్తితే, ఆయన ఇప్పుడెక్కడున్నారని అడుగుతారు కాబట్టి.

ఆయనది మెట్ట ప్రాంతం. ఎండిన నేల మీద గుర్రాలను సాకిన చెయ్యి. మాకేమో గోదావరి మీద ఆనకట్ట కట్టి, కాలవలు తవ్విన కొత్త రోజులు. ఏడాదిలో సగం రోజులు ఊరి చుట్టూ నీళ్ళు. వరికి అది వరం, గుర్రానికి కాదు. బురదలో నిలబడీ నిలబడీ గిట్టలు మెత్తబడి కుళ్ళేవి. సాయిబు గారు శాలలో నేలను మోకాలెత్తు లేపించి ఇసుక పోయించారు. రోజూ సాయంత్రం గిట్టలు గీకి వేపనూనె రాయించేవారు. వేసవిలో, తిరిగొచ్చిన గుర్రానికి చెమట ఆరేదాకా నీళ్ళు చూపించనిచ్చేవారు కాదు. మంచు రోజుల్లో ఎండ పడి గడ్డి ఆరితేనే మేతకు వదిలేవారు. వానాకాలం వస్తే మాత్రం ఆయన భయమంతా దాణా మీదే. ఉలవల బస్తాలను గోడకు ఆనకుండా చెక్కల మీద పెట్టించి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికెడు తీసి వాసన చూసేవారు.

"గుర్రానికి వాంతి రాదు అబ్బాయ్. లోపలికెళ్ళింది మళ్ళీ బయటికి రాదు. అందుకని మనమే ముందు చూసుకోవాలి" అనేవారు.

నేనాయన్ని మామా అని పిలిచేవాణ్ణి. నాకప్పుడు పాతికేళ్ళు లేవు.

ఆ ఏడు శ్రావణంలో వాన పట్టుకుని వదల్లేదు. జమీందారు గారు రెండు గుర్రాలతో రాజమండ్రి వెళ్ళారు. తొలిచూలు మీదున్న ఎర్ర ఆడగుర్రం ఒక్కటే శాలలో ఉండిపోయింది. అదంటే నాకు ప్రాణం. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కాని అబద్ధం కాదు.

ఒకరోజు తెరిపి ఇచ్చి ఎండ కాసింది. మామ నాడాల కోసం పక్క ఊరి కమ్మరి దగ్గరికి బయల్దేరుతూ, ఉలవలన్నీ చాపల మీద ఎండేసి, ముక్కినవి ఏరి పారెయ్యమని చెప్పి వెళ్ళారు. సరేనన్నాను. ఆయన కనుమరుగు కాగానే ఎర్రదాని మీదెక్కి కాలవ గట్టు వెంట సంతకు వెళ్ళాను. పనేమీ లేదు. ఆ గుర్రం మీద నన్ను నలుగురూ చూడాలి, అంతే. తిరిగొచ్చేసరికి మళ్ళీ మబ్బు కమ్మింది. సాయంత్రం మామ అడిగితే ఎండేశానన్నాను. ఆయన నమ్మారు. ఆ ఒక్కరోజు బస్తాలో చెయ్యి పెట్టి చూడలేదు. నన్ను నమ్మడం ఆయన తప్పా?

మర్నాడు పొద్దున్నే, వానాకాలంలో నెలకోసారి వేసే మందు ఉండ ఎర్రదానికి వేసి, మామ గడ్డివాము కప్పించడానికి వెళ్ళారు. నేను బస్తా విప్పాను. ముక్కిన వాసన గుప్పుమంది. ఉలవలు బూజు పట్టి ముద్దలు కట్టాయి. అవి పెట్టకూడదని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. పారేస్తే ఎండెయ్యలేదని బయటపడుతుంది. ముద్దలు చిదిపి, బాగా ఉడికించి, వాసన తెలియకుండా బెల్లం కలిపాను. ఎర్రది మూతి పెట్టి వెనక్కి తీసుకుంది. దోసిట్లో తీసుకుని అందించాను. నా చెయ్యి కాబట్టి తింది.

మధ్యాహ్నానికి అది తిరిగి తిరిగి తన డొక్క వైపే చూసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత కాలితో నేల తవ్వింది. చెమటలు కారాయి. కడుపు ఉబ్బి, పడి పొర్లింది. మామ దాన్ని లేపి నడిపించారు, నూనె తాగించారు, తనకు తెలిసినవన్నీ చేశారు. మధ్యలో ఒకసారి నా వైపు తిరిగి ఏం పెట్టావని అడిగారు. రోజూ పెట్టేదే అన్నాను. అప్పుడు చెప్పి ఉంటే ఆయనకు ఇంకేదైనా మందు తోచేదేమో. తోచేది కాదేమో. ఈ ప్రశ్నకు జవాబు లేదు. దీపాలు పెట్టే వేళకు అది చచ్చిపోయింది, కడుపులో పిల్లతో సహా.

మిగిలిన ఉలవలు ఎవరూ చూడకముందే కాలవలో పోశాను.

జమీందారు గారు వచ్చి ఆ రోజు ఏం పెట్టారని అడిగారు. "రోజూ పెట్టే దాణాయేనండి. పొద్దున సాయిబు గారు మందు వేశారండి" అన్నాను. రెండో మాట నిజమే. నిజాన్ని కూడా కత్తిలా వాడొచ్చని ఆ రోజు నేర్చుకున్నాను.  మామ తన రెండు చేతులూ ఒకసారి చూసుకున్నారు. ఆ వారమే ఊరు విడిచి వెళ్ళిపోయారు. ఆయన స్థానం నాకిచ్చారు.

చెప్పి ఉంటే నాకేమయ్యేది? నాలుగు దెబ్బలు పడేవి. పనిలోంచి తీసేసేవారు. అంతకు మించి ఏమీ లేదు. ఆ కాస్త దానికి ఒక మనిషి విద్యనంతా బలి ఇచ్చాను.

పదేళ్ళ తర్వాత తుని సంతలో ఆయన కనిపించారు. నేల మీద కూర్చుని పశువులను కట్టే పలుపులు అమ్ముతున్నారు. తప్పుకుని పోదామనుకున్నాను. ఆయనే ముందు చూశారు.

"నువ్వేనా అబ్బాయ్. బాగున్నావా? గిట్టలకి వేపనూనె రాయిస్తున్నావా?"

"రాయిస్తున్నాను మామా. మీరు మందులు మానేశారా?"

"మానేశాను. మొన్న ఒక జట్కా అతను వచ్చి, గుర్రం కడుపుబ్బి పడిపోయింది, వచ్చి చూడమని కాళ్ళు పట్టుకున్నాడు. నేను వెళ్ళలేదు. అది బతకలేదట." చేతిలోని పలుపు కింద పెట్టారు. "ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ రోజు నేను ఉండ కడుతుంటే నువ్వు పక్కనే ఉన్నావు కదా. అందులో ఏమేం వేశానో గుర్తుందా?"

"అల్లం, మిరియాలు, ఇంగువ, నల్లుప్పు, బెల్లం."

"అంతేగా. ఎప్పుడూ వేసేవే. మరి తప్పెక్కడ జరిగిందంటావు?"

ఆయన కళ్ళలో నా మీద అనుమానం లేదు. ఉన్నా బాగుండేది. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నారు. పదేళ్ళుగా ఆ అల్లాన్నీ ఆ ఇంగువనూ మనసులో తూచుకుంటూనే ఉన్నారు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ రాదు. చుట్టూ మా మాటలు పట్టించుకునేవాళ్ళు లేరు. నేను భయపడవలసిన జమీందారు గారు అప్పటికే పోయారు.

"తెలీదు మామా" అన్నాను.

మొదటిసారి అబద్ధం చెప్పినప్పుడు కుర్రతనం, భయం అనుకోవచ్చు. ఈసారి ఏమనుకోను? నాకున్న మంచి పేరును కాపాడుకున్నాను. ఆ పేరు కూడా ఆయన పెట్టిన భిక్షే.

కొన్నేళ్ళకు ఆయన పోయారని తెలిసింది. కూతురు తునిలోనే ఉందట. వెళ్ళి చెప్పాలని రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ దారిలోంచే తిరిగొచ్చాను. మళ్ళీ వెళతానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎంతటిదో మీకిప్పుడు తెలుసు. క్షమించవలసిన మనిషి లేరు. ఉన్నా, అడిగే అర్హత నాకు లేదు.

మామ అడిగినదానికి జవాబు ఇది. అల్లం సరిపోయింది. ఇంగువ సరిపోయింది. ఆయన మందులో ఏ తప్పూ లేదు. ఎర్రదాన్ని చంపింది నేను పెట్టిన దాణా.

ఈ సంగతి ఇన్నేళ్ళూ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. అంతమాత్రానికే నాకు కొంచెం ఊపిరాడుతోంది.