పొద్దు ముందు ఎవరి ఊర్లో పొడుస్తుంది?

అలంపురం జోగులాంబ మీద ఆన పెట్టి చెబుతున్నాను, ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. మా ఇంట్లోవాళ్లు నా మాట నమ్మడం మానేసి చాలాకాలమైంది, అందుకే ఆనతో మొదలుపెట్టాల్సి వచ్చింది. గద్వాల చీరల మూటలతో వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్సుల్లో పాతికేళ్లుగా తిరిగి తిరిగి నడుము అరిగి, గొంతు అరిగి, చివరికి కథలల్లే ఓపిక కూడా అరిగిపోయిన మనిషిని. నిన్న బస్సులో ముందుసీటు ఆమె పిల్లకు తాగించడానికి చెంబు మూత తీసింది. బెల్లమూ మిరియాలూ కలిసిన పానకం వాసన డీజిల్ పొగను తోసుకుంటూ వచ్చి, నన్ను నలభై ఏళ్లు వెనక్కి లాక్కుపోయి మా ఊరి పొలిమేరలో కూర్చోబెట్టింది.

మాది గట్టు దగ్గర మెట్ట ఊరు. ఫాల్గుణం వచ్చిందంటే జొన్నకోతలు అయిపోయి చేలు గరుకు గడ్డంలా మోళ్లతో మిగిలేవి. మేము చింతకాయలు రాల్చి, ఉప్పూ కారమూ అద్దుకుని, పండ్లు పులిసి మాట సరిగ్గా రానంతవరకు నమిలేవాళ్లం. కామునిపున్నానికి మోదుగపూలు ఉడకబెట్టిన నీళ్లు ఒకరిమీద ఒకరం చల్లుకుంటే, వారం దాకా మా చొక్కాలూ చెవులూ పసుపుపచ్చగానే ఉండేవి. ఇక ఎండ సంగతి చెప్పాలంటే, చేనిగట్టు మీది నల్లబండ మీద జొన్నరొట్టె కాల్చుకుని తిన్నవాణ్ణి నేను. తిరగేసే పని కూడా ఉండేది కాదు, మధ్యాహ్నం దాటాక పొద్దే అటువైపుకు తిరిగి రెండోపక్క కాల్చిపెట్టేది.

పెండ్లిళ్లూ ఆ ఎండల్లోనే. పెండ్లికొడుకు వాళ్లు బండ్లు కట్టుకుని పొలిమేరకు రాగానే ఆడపిల్లవాళ్లు పానకం బిందెలతో ఎదురుపోయి తీసుకురావడాన్ని ఎదురుకోళ్లు అంటారు. అది అన్నిచోట్లా ఉన్నదే. మా దిక్కున దానికో తోక ఉండేది. రెండుపక్కల పెద్దమనుషులూ ఎదురెదురుగా కూర్చుని లోకజ్ఞానం ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరో ఒకరు "తెల్వదు" అనేదాకా బిందెల మూత తీయరు. ఆ మాట అన్నవాడు తన తలరుమాలు విప్పి గెలిచినవాడి చేతిలో పెట్టి, వట్టి తలతోనే పెండ్లి మొత్తం తిరగాలి.

మా తాత నర్సప్ప తలరుమాలు ముప్పై ఏళ్లుగా విప్పలేదు. స్నానానికీ నిద్రకీ విప్పేవాడేమో గానీ మేము చూసింది లేదు. ఎద్దులు కొనడానికి రాయచూరు దాకా, మొక్కులకు శ్రీశైలం దాకా తిరిగిన మనిషి. దారిలో కనపడిందల్లా ప్రశ్నగా మార్చి ఇంటికి తెచ్చేవాడు. కానీ మా మేనత్త పెండ్లి కుదిరిన ఏడు ఆయనకు మరుపు మొదలైంది. ఎద్దులకు నీళ్లు పెట్టి వచ్చి, పెట్టారా అని అడిగేవాడు. అత్త ఆయన చివరి బిడ్డ, కాబట్టి అవి ఆయన కూర్చునే చివరి ఎదురుకోళ్లు. రోజూ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఒక్కొక్కటి అడుగు బిడ్డా," అనేవాడు. అడిగేవాణ్ణి. కొన్ని వచ్చేవి, కొన్ని జారిపోయేవి. చివరికి ఒకరోజు, "ఆ దినం నా ఎనకాలనే కూసో. నేను ఆగితే జర చెవుల చెప్పు. ఎవ్వరికి అనకు," అన్నాడు.

కోడేరు నుంచి పెండ్లివారు వచ్చారు. ఆరు బండ్లు, ఒక సన్నాయి, దుమ్ముకొట్టుకుపోయిన ముఖాలు. వాళ్ల పెద్ద సాయన్న, పెండ్లికొడుకు తండ్రి. తీర్పు చెప్పడానికి ఏ పక్కకూ చెందని బండి ఖాసిం సాబు కూర్చున్నాడు. తాత వెనకాల నేను.

"ఎడ్లు దిగేది, మనుషులు ఎక్కేది యాడ బావా?" అన్నాడు సాయన్న.

"కృష్ణ ఒడ్డుకాడ. మనం పుట్టి ఎక్కుతం, ఎడ్లు ఈదుకుంట వస్తయి. నిన్న నువ్వు జేసింది గదే గదా, కొత్తది అడగరాదు? సరే, నేనడుగుత. పది దినాల తొవ్వకు ఏ రొట్టె కట్టుకపోవాలె?"

"నువ్వులద్దిన సజ్జరొట్టె. ఎండల పెడితే చెడదు. నోట్ల పండ్లున్నప్పుడు మస్తు తిన్న బావా. మరి సన్నాయికి బొక్కలెన్ని?"

"వేళ్లకు ఏడు. ఊదెటోని కడుపు ఎనిమిదోది, అది నువ్వే నింపాలె."

సన్నాయి ఆయన వాయించడం ఆపి, "మంచిగ చెప్పినవ్ నర్సప్పా!" అన్నాడు. అందరూ నవ్వారు. తాత మెడ నిటారుగా నిలిచింది.

అప్పుడు సాయన్న మీసం దువ్వుకుని అడిగాడు: "పొద్దు ముందుగాల మా కోడేరుల పొడుస్తదా, మీ ఊర్ల పొడుస్తదా? ఎట్లనో గూడ చెప్పాలె."

అది తాత ప్రశ్నే. ఎన్నో ఎదురుకోళ్లలో ఎందరినో దానితోనే పడగొట్టాడు, అది తిరిగి తిరిగి కోడేరు చేరింది. తాత రుమాలు అంచు సవరించుకున్నాడు. ఖాసిం సాబు మెల్లగా, "జర ఆగుండ్రి, తొందర్లేదు," అన్నాడు. తాత చెయ్యి వెనక్కి వచ్చి నా మోకాలు పట్టుకుంది.

నేను వంగి చెవిలో చెప్పాను. వెంటనే తాత గొంతు లేచింది: "నిన్న పొద్దుగాల బండ్లు కట్టినప్పుడు ఎండ మీ వీపుకు తాకిందా, మొఖానికా?"

"వీపుకు."

"అంటే పొద్దు మీ దిక్కునుంచే మా దిక్కుకు వస్తది. ముందు మీకే పొడుస్తది. చుట్ట ముట్టించుకునేంత సేపటికి మాకు. అంతసేపు ముందుగాల లేస్తరు గాబట్టే మా పిల్లనిస్తున్నం, లేకుంటే ఇస్తుంటిమా?"

సాయన్న రుమాలు విప్పి తాత చేతిలో పెట్టాడు. పానకం నేను ఏడు చెంబులు తాగాను.

ఇప్పుడు పెండ్లివారు లారీలు దిగుతూనే అన్నాలెప్పుడని అడుగుతున్నారు. పుట్టి ఎక్కినవాళ్లు తగ్గిపోయారు. సన్నాయి ఉండేచోట గొంతు చించుకునే మైకు ఉంది. తెలియనిదాన్ని తెలియదని నలుగురిలో ఒప్పుకుని తలరుమాలు విప్పే మనుషులైతే నాకు ఈ బస్సుల్లో ఎక్కడా కనపడలేదు. నేనూ అలాంటివాణ్ణి కాదు.

ఆన పెట్టాను కాబట్టి చెప్పక తప్పదు. బండమీద రొట్టె సగమే కాలింది, పానకం రెండు చెంబులే. అవి మీరూ నమ్మి ఉండరు. కల్పించింది వేరే ఉంది. నేను చెవిలో చెప్పలేదు. జవాబు నాకు నాలుక చివరన ఉంది. మోకాలి మీద తాత వేళ్లు బిగుస్తూనే ఉన్నాయి. కానీ ఆ రుమాలు కింద ఏముందో ఒక్కసారి చూడాలన్న పాడు కోరిక నాకు, అంతే.

తాత "తెల్వదు" అన్నాడు. రుమాలు విప్పాడు. కనుబొమ్మల దాకా ఎండకు మాడిన నల్లటి ముఖం, ఆ పైన ముప్పై ఏళ్లుగా ఎండ ఎరగని నుదురు, పసిపిల్లవాడిదంత తెల్లగా, మెత్తగా. దాని మీద ఫాల్గుణం ఎండ పడుతుంటే ఆయన వెనక్కి తిరిగి, కోపం లేకుండా అడిగాడు.

"నీకు గూడ యాదికి రాలేదా బిడ్డా?"

రాలేదన్నాను.