నాన్న పట్టికలో పదమూడో వరుస

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోయి కుప్పకూలతాయని లోకమంతా బెంగపడుతున్న రోజులవి. ఆ బెంగ మీదే మా ఇల్లు గడిచేది. నాన్న సింగపూర్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ను ఆ గండం నుంచి గట్టెక్కించే పనిలో ఉండేవారు. అక్కడే క్లెమెంటి అనే పేటలో అద్దె ఫ్లాట్. నాకు పద్దెనిమిదేళ్లు.

డాక్టర్ని అవుతానని పన్నెండేళ్లప్పటి నుంచీ చెబుతున్నాను. కాకపోతే నేనేం చెప్పినా ముందు నవ్వడం మా ఇంట్లో అలవాటు. తప్పు వాళ్లది కాదు. స్కూల్లో కాలు విరిగినప్పుడు అంబులెన్సు వాళ్లని కిటికీ పక్క సీటు అడిగిన మనిషిని నేను.

ఇక్కడి వైద్య కళాశాల నన్ను ఇంటర్వ్యూకి పిలిచి, కూర్చోబెట్టి, ఎంతో మర్యాదగా వద్దంది. మిగిలింది ఆస్ట్రేలియా దారి. ముందు మూడేళ్లు జీవశాస్త్రంలో డిగ్రీ, తర్వాత ప్రవేశ పరీక్ష, అది గట్టెక్కితే వైద్యం. రెండు యూనివర్సిటీల నుంచి ఉత్తరాలొచ్చాయి. ఒకటి ఫీజు మొత్తం మాఫీ చేస్తానంది. రెండోది సగం.

ఇంకో ఇంట్లో అయితే కథ అక్కడితో అయిపోయేది. మా ఇంట్లో నాన్న ఉన్నారు. ఆఫీసులో ఏ కంపెనీ సరుకు కొనాలో తేల్చే బాధ్యత కూడా ఆయనదే. అదే పద్ధతిలో ఒక పట్టిక వేశారు. పన్నెండు వరుసలు. ఫీజు, హాస్టల్, వాతావరణం, విమానంలో ఎన్ని గంటలు, కందిపప్పు దొరికే కొట్టు ఎంత దూరం, ఇలా. ఒక్కో వరుసకీ పది మార్కులు. ఆదివారం ముగ్గురు ఆఫీసు అంకుల్స్ భోజనానికొచ్చి మార్కులు వేశారు. ఊరి ఆ చివర సెంబవాంగ్ నుంచి వచ్చిన అంకుల్ పెరుగన్నం కలుపుకుంటూ, పూర్తి మాఫీ ఇచ్చే చోటి వాతావరణానికి ఏడు వేశారు. ఆస్ట్రేలియా వైపు ఆయన ఎప్పుడూ వెళ్లలేదు.

పూర్తి మాఫీ యూనివర్సిటీ భారీ తేడాతో గెలిచింది. నాన్న ప్రింటు తీసి అందరి చేతా సంతకాలు పెట్టించారు. నన్ను పెట్టమనలేదు. ఆ లెక్కన నేను సరుకుని.

అమ్మకి ఆ ఫలితం నచ్చింది. ఎనిమిదేళ్లుగా అద్దె ఇళ్లు. గోడకి మేకు కొట్టాలన్నా ఇంటి ఓనరమ్మని అడగాలి. సెంగ్‌కాంగ్‌లో కొత్తగా లేస్తున్న కాండో అపార్ట్‌మెంట్లలో మూడు గదుల ఇల్లొకటి చూసి పెట్టుకుంది. నేను ఉచితంగా చదివితే ఆ ఇల్లు వస్తుంది. సగం ఫీజు కడితే రాదు. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు.

మా అంతస్తులోనే చివరి ఫ్లాట్‌లో హైదరాబాద్ ఆంటీ ఉండేవారు. ఆస్పత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం. సంగతి విని ఖుబానీ కా మీఠా గిన్నెతో వచ్చారు. నేను తింటుంటే నిలబడే అడిగారు.

"పూరా ఫుకట్ ఇస్తున్నరు, మంచిదే. ఆ యూనివర్సిటీల డాక్టర్ కాలేజీ ఉన్నదా బేటా?"

తెలీదన్నాను.

"బయటి దేశం పిల్లలు అక్కడ చదివి ఎంతమంది డాక్టర్లయిన్రు, అడిగినవా?"

అడగలేదన్నాను. స్పూను నోట్లోనే ఉంది.

"నీకు డాక్టర్ కావాల్నా, ఫుకట్ డిగ్రీ కావాల్నా? ముందు అది చెప్పు."

మర్నాడు ఫోన్ కార్డు కొనుక్కుని రెండు చోట్లకీ ఫోన్ చేశాను. పూర్తి మాఫీ వాళ్ల తరఫున మాట్లాడినావిడ గొంతు తేనెలా ఉంది. మాకు వైద్య కళాశాల లేదు, మా విద్యార్థులు తర్వాత ఎక్కడ చేరారో మేము చూడం, కానీ క్యాంపస్‌లో బాతుల చెరువు చాలా బాగుంటుంది అని చెప్పింది. సగం ఫీజు వాళ్ల దగ్గర మాట్లాడినాయనకి జలుబు. వైద్య కళాశాల ఉంది, తమ దగ్గర డిగ్రీ చేసిన బయటి దేశాల వాళ్లకి కొన్ని సీట్లు పక్కన పెడతారు, పరీక్ష పాసవ్వాలి, హామీ మాత్రం ఏమీ లేదు అన్నాడు. హామీ లేదన్న మాట మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి నాకు ఆయన మీద పూర్తి నమ్మకం కుదిరింది.

సాయంత్రం నాన్నకి చెప్పాను. నవ్వారు. సంతకాలయ్యాక మార్పులుండవు, కావాలంటే ఆఫీసులోలా చేంజ్ రిక్వెస్ట్ ఫారం నింపు అన్నారు. మా ఇంట్లో నేను కాక ఇంకొకరు జోక్ వేయడం అరుదు. దాన్ని నేను సీరియస్‌గా తీసుకోవడం ఇంకా అరుదు. ఫారం తెమ్మన్నాను. తెచ్చారు.

ఏం మార్పు కావాలి అన్న గడిలో రాశాను: పదమూడో వరుస చేర్చాలి, ఇక్కడ చదివితే డాక్టర్ అయ్యే దారి ఉందా? ఎందుకు అన్న గడిలో రెండు ఫోన్ల సంగతీ ఉన్నదున్నట్టు రాశాను. బాతులతో సహా. చివరి గడి, దీనివల్ల ఎవరి మీద ప్రభావం. అక్కడ పెన్ను ఆగింది. సరదాగా ఏదో తట్టింది కూడా. అది మింగేసి, అమ్మకి ఇల్లు ఆలస్యమవుతుంది అని రాశాను.

నాన్న ఫారం చదివారు. తర్వాత తన పట్టిక తీసి, వేలు పెట్టి ఒక్కో వరుసా కిందికి చూసుకుంటూ వచ్చారు. మళ్లీ పైనుంచి మొదలుపెట్టారు. పన్నెండు వరుసల్లో ఎక్కడా డాక్టర్ అన్న మాటే లేదు. ముగ్గురు అంకుల్స్, ఒక నాన్న, అందరూ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడంలో మొనగాళ్లు.

"పరీక్ష పోతే?" అన్నారు.

"మళ్లీ రాస్తా."

"మళ్లీ పోతే?"

"మళ్లీ రాస్తా నాన్నా."

ఆయన నా మొహంలోకి చూశారు. వెనక జోక్ వస్తుందని ఎదురుచూశారనుకుంటా. రాలేదు.

వంటింటి గుమ్మంలోంచి అమ్మ చెయ్యి చాపింది. "ఏమండీ, ఆ కాగితం ఇటివ్వండి. ఆలస్యమయ్యేది నా ఇల్లు గదా. సంతకం నేను పెడతా."

చివరి గడి కింద పేరు రాసి, తేదీ కూడా వేసింది. అమ్మ త్యాగానికి నేను కళ్లు తుడుచుకోబోతున్నాను. "సంబరపడకు. ఇక ఇల్లు మీ నాన్నని అడగను, నిన్నడుగుతా" అని లోపలికెళ్లింది. కళ్లు తుడుచుకునే పని తప్పింది.

సెంబవాంగ్ అంకుల్‌కి నాన్నే ఫోన్ చేసి చెప్పారు. ఊరికే ఇస్తుంటే వద్దంటారా ఎవరైనా అని ఆయన చాలాసేపు బాధపడ్డారట. వాతావరణం మార్కులు ఎనిమిది చేస్తానని కూడా అన్నారట. నాన్న మాత్రం, రెండు ఉత్తరాలూ దగ్గర పెట్టుకుని కూర్చోకు, వద్దనుకున్న దానికి ముందు జవాబివ్వు అన్నారు.

శనివారం పొద్దున అమ్మా నేనూ పోస్టాఫీసుకి వెళ్లాం. పూర్తి మాఫీ యూనివర్సిటీకి కృతజ్ఞతలు చెబుతూ నాలుగు వాక్యాల ఉత్తరం. మామూలుగా పంపాలా, ఎక్స్‌ప్రెస్‌లోనా అని కౌంటర్‌లో అమ్మాయి అడిగింది. ఎక్స్‌ప్రెస్ అన్నాను.

"వద్దని చెప్పడానికి ఎక్స్‌ప్రెస్ ఎందుకే?" అంది అమ్మ.

"మనం మనసు మార్చుకునేలోపు చేరాలి లా," అన్నాను, సింగపూర్ వాళ్లలా మాట చివర లా తగిలించి.

అమ్మ కవరు నా చేతిలోంచి తీసుకుని, అడ్రసు ఒకసారి సరిచూసింది. కౌంటర్ మీద పెట్టి, ఇంతకన్నా తొందరగా వెళ్లేది ఏమైనా ఉందా అని ఆ అమ్మాయిని అడిగింది.